లైబ్రరీ ఫోటోలో ముందు వరుస

మా పెద్దపాప మూడో తరగతి. జమ్మలమడుగులో మా వీధికి దగ్గరగా ఉన్న సర్కారు బడిలో చదువుతోంది. అక్కడ గురువారం మధ్యాహ్నం లైబ్రరీ పీరియడ్. ఆ రోజు మూడు దాటాక బడి గ్రూపులో ఒక ఫోటో వస్తుంది. గోడకు కట్టిన తాడు మీద బొమ్మల పుస్తకాలు ఆరేసిన బట్టల్లా వేలాడుతుంటాయి. కింద పరిచిన పట్టా మీద పిల్లలు పుస్తకాలు పట్టుకుని కూర్చుని ఉంటారు. ముందు వరుసలో, సరిగ్గా మధ్యలో మా పాప. రెండో తరగతి నుంచీ అదే చోటు.

ఆ ఫోటోలన్నీ నేను ఫోన్లో దాచుకున్నాను. ముద్దనూరు దగ్గర థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేసే మా ఆయనకు పంపేదాన్ని. పులివెందులలో ఉండే వదినకు, అంటే ఆయన అక్కకు పంపేదాన్ని. వదిన నిమిషంలో వాయిస్ మెసేజ్ పెట్టేది. "మ్మేయ్, నీ కూతురు కలెక్టరవుతాది సూడు. అప్పుడు ఈ అత్తను గుర్తు పెట్టుకోమని చెప్పు."

నేను చదివిన బడిలో పుస్తకాలు ఇనప బీరువాలో ఉండేవి. తాళం చెవి హెడ్మాస్టరు దగ్గర ఉండేది. బీరువా తలుపుకు ఉన్న అద్దంలోంచి అట్టల మీది బొమ్మలు చూసి, లోపల ఏ కథ ఉందో మేమే చెప్పుకునేవాళ్లం. డిగ్రీకి ప్రొద్దుటూరు పోయాకే ఊరి లైబ్రరీలో కూర్చుని ఒక పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవగలిగాను. అందుకే మా పాప చేతిలో పుస్తకం కనపడగానే ఇంక అడగాల్సిందేమీ లేదనిపించింది.

చిన్నపాప పుట్టిన దగ్గర్నుంచీ నాకు భయాలు ఎక్కువయ్యాయి. జ్వరం వస్తుందేమో, బడి ముందు లారీ వస్తుందేమో, కుక్క కరుస్తుందేమో, మా ఆయన నైట్ డ్యూటీ నుంచి బండి మీద వస్తూ నిద్రపోతాడేమో. ఇప్పుడు కూడా పిల్లలిద్దరూ నిద్రపోయాక, ఆయన డ్యూటీలో ఉండగా, ఏదో ఒకటి చెయ్యాలని ఇది రాస్తున్నాను. పెద్దపాప చదువు మాత్రం నా భయాల్లో ఎప్పుడూ లేదు.

డిగ్రీ చదివిన తల్లినని నన్ను బడి తల్లిదండ్రుల కమిటీలో వేశారు. మూడు నెలలకొకసారి ఒక కాగితం ఇస్తారు. మరుగుదొడ్లు, తాగునీళ్లు, మధ్యాహ్నం భోజనం, కొత్తగా గోడకు బిగించిన పెద్ద టీవీ, అన్నిటి గురించీ ప్రశ్నలుంటాయి. ఒక ప్రశ్న ఇది: లైబ్రరీ పుస్తకాలను పిల్లలు చదువుతున్నారా? పక్కన రెండు గళ్లు, అవును, కాదు. ప్రతిసారీ అవును దగ్గర టిక్కు పెట్టి సంతకం చేశాను. పెట్టేటప్పుడు ఆ ఫోటో కళ్ల ముందు ఉండేది.

మొన్న వదినవాళ్లు కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నారు. పిల్లలిద్దర్నీ తీసుకుని పులివెందుల బయలుదేరాను. మా బస్టాండులోనే చిన్నపాప నా భుజం మీద కక్కింది. సీసాలో నీళ్లతో దాన్ని కడుగుతూ, "ఆ బస్సు పులివెందుల బస్సేనేమో బోర్డు చూసి రా" అని పెద్దదాన్ని పంపాను. అది బస్సు ముందుకు పోయి నిలబడింది. తలెత్తి బోర్డు వైపు చూసింది. చదవడానికి పట్టేంత సేపు అక్కడే ఉండి వచ్చి, "అదే మా" అంది.

ఎక్కాం. ఊరు దాటాక కండక్టరు మా దగ్గరికి వచ్చాడు. ఆడవాళ్లకు టికెట్టు ఉచితమే అయినా ఎక్కడికో చెప్పాలి. పులివెందుల అన్నాను.

"పులివెందులనా? ఈ బస్సు ప్రొద్దుటూరు పోతాందమ్మా. బోర్డు సూసుకోలేదా?"

"పాప చూసి చెప్పింది."

"ఏ పాప, ఈ పాపనా? ఏందిమా, బోర్డు మీద ఏముండె?"

పాప నా వెనక్కి జరిగింది. పక్క సీట్లో కూరగాయల గంప పెట్టుకున్న ఒక పెద్దావిడ అడిగింది.

"ఏం చదువుతాండావు మే?"

"మూడో తరగతి" అంది పాప.

"మూడా! అయితే నేనే నయం. నాకు చదువు రాదని నాకు తెల్సు. అందుకే అడుక్కోని ఎక్కుతా."

బస్సులో కొందరు నవ్వారు. కండక్టరు కూడా నవ్వి, "పోన్లే, శానా దూరం రాలేదు. దిగి ఆటో పట్టుకోండి" అని విజిల్ వేశాడు.

దిగాం. రోడ్డు పక్కన ఒక బస్ షెల్టరు ఉంది. చిన్నపాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తొందరలో సరిగ్గా చూసి ఉండదు అనుకున్నాను. అలా అనుకుంటూనే బ్యాగులోంచి వదిన ఇంటి ప్రార్థన కార్డు తీసి దాని చేతికిచ్చాను. "చదువు" అన్నాను.

పాప బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వీపు నిటారుగా పెట్టింది. కార్డును రెండు చేతులతో ఛాతీ దగ్గర పట్టుకుని, గడ్డం కొంచెం దించి, కళ్లు కార్డు మీద పెట్టి, పెదాల మీద చిన్న నవ్వు ఉంచుకుంది. అలాగే ఉండిపోయింది. ఒక లారీ పోయింది. ఇంకొకటి పోయింది. అది కదల్లేదు.

కాసేపటికి కళ్లు మాత్రం ఎత్తి, "తియ్యవా మా ఫోటో?" అంది.

నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. కార్డు మీద వదిన పేరు చూపించి, ఇదేం అక్షరం అని అడిగాను. పాప నా ముఖం చూసి చెప్పడానికి ప్రయత్నించింది. నా ముఖంలో ఏమీ దొరకనట్టుంది. తల దించుకుంది. నేను కార్డు బ్యాగులో పెట్టి, చిన్నదాని మూతి తుడిచి, వచ్చే ఆటో కోసం చూశాను.

ఆటోలో మా బస్టాండుకు తిరిగొచ్చి, వేరే బస్సెక్కి పులివెందులకు పోయాం. ప్రార్థన అయింది, భోజనాలయ్యాయి. వదిన నలుగురికీ చెప్పింది, "మా మేనకోడలు వారం వారం ఫోటోలో పడతాది, పుస్తకం ఇడ్సదు" అని. నేను సాంబారు వడ్డిస్తున్నాను. గరిటె ఎవరి విస్తరిలో ఎన్నిసార్లు దించానో తెలియదు. ఒకాయన "సాలమ్మా, సాలు" అంటే అప్పుడు చూశాను.

ఇంటికొచ్చాక ఫోన్లో ఫోటోలన్నీ వరసగా పెట్టి పెద్దవి చేసి చూశాను. ప్రతి ఫోటోలోనూ మా పాప చేతిలో చిలక బొమ్మ అట్ట ఉన్న ఒకే పుస్తకం. లోపలి పేజీ కనపడిన వాటిల్లో ఒకే పేజీ. ఆ కథ నాకు తెలుసు. పాప ఇంట్లో చాలాసార్లు గొంతు మార్చి మార్చి చెప్పింది. పుస్తకంలో చదివి చెబుతోందనుకున్నాను. అడిగితే, బళ్లో టీవీలో ఒకామె ఆ కథ చదువుతుందట. అక్షరాల మీద రంగు కూడా పాకుతూ పోతుందట. మా పాప రంగును చూసింది, గొంతు విన్నది. అక్షరాలతో దానికి పని పడలేదు.

మా అవ్వ కూడా అంతే. చర్చిలో పాటల పుస్తకం ఒళ్లో తెరిచి పెట్టుకునేది, పాట మారినప్పుడు అందరితో పాటు పేజీ తిప్పేది. ఆమెకు ఒక్క అక్షరం రాదు. పాటలన్నీ నోటికి వచ్చు కాబట్టి ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. ఆ పుస్తకం ఆమెకు గౌరవం. చిన్నప్పుడు అది చూసి నేను ముచ్చటపడేదాన్ని.

మర్నాడు మంగళవారం బడికి పోయాను. పాప టీచరమ్మ ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు. వరండాలో నిలబడి మధ్యాహ్న భోజనం గుడ్లను ఫోటో తీస్తోంది. నేను బస్సు సంగతి చెప్పాను. ఆమె ఫోన్ దించకుండానే విన్నది. గుడ్ల ఫోటో యాప్‌లోకి పోయాక నా వైపు తిరిగింది.

"మీ పాపకు రాదని నాకు తెల్సమ్మా. చెప్పల్లనే అనుకుంటి. మీరు చదువుకున్నోళ్లు, ఇంట్లో చూసుకుంటారులే అనుకుంటి."

"మరి వారం వారం ముందు వరుసలో ఎందుకు మేడం?"

"కదలదు గదా. పిల్లోళ్లు కదిలితే ఫోటో మసకొస్తాది, యాప్ తీసుకోదు. మళ్లీ తియ్యల్ల, మళ్లీ తియ్యల్ల. మీ పాప బొమ్మ మాదిరి కూచుంటాది. దాన్ని చూసి పక్కనోళ్లు కూచుంటారు." ఆమె గొంతులో తప్పు చేసిన భావం లేదు, అలసట ఉంది. "పొద్దున్నుంచీ ఇది ఎన్నో ఫోటో అనుకున్నారు? హాజరు ఫోటో, మరుగుదొడ్డి ఫోటో, అన్నం ఫోటో. లైబ్రరీ పీరియడ్ నలభై నిమిషాలు. ఫోటో పొయ్యేసరికి ఇరవై అయిపోతాది. సిగ్నల్ ల్యాకపోతే మొత్తం అయిపోతాది. ఇంక నేను ఎవరి పక్కన కూచోని చదివించల్ల, చెప్పండి?"

ఒక పుస్తకం ఇంటికి ఇవ్వమని అడిగాను. "చినిగితే నేను జవాబు చెప్పుకోవల్ల" అంది. తర్వాత మూడు నెలల కాగితం నా ముందు పెట్టింది. లైబ్రరీ ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగింది.

"కాదు అని పెడితే ఏమవుతుంది మేడం?"

"ఏమవుతాది? ఈ బళ్లో పిల్లోళ్లు చదవడంల్యా అని రాసుకుంటారు. వచ్చే సంవత్సరం పుస్తకాలు వేరే బడికి పోతాయి. రాదని చెప్తే నేర్పించేదానికి ఎవరన్నా వస్తారనుకున్నారా?"

ఆమె చెప్పింది నిజమో కాదో నాకు తెలియదు. తాడు మీద వేలాడే పుస్తకాల వైపు చూశాను. మేము చిన్నప్పుడు అద్దంలోంచి చూసిన పుస్తకాలకంటే అందంగా ఉన్నాయి. గురువారం పీరియడ్‌లో నేను వచ్చి, చదవడం రాని పిల్లల దగ్గర కూర్చుంటానని చెప్పాను. ఫోటో మీరు తీసుకోండి, ఆ ఇరవై నిమిషాలూ నేను చూసుకుంటాను అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "చిన్నపాపను యాడ పెడతారు?" అంది. ఎత్తుకుని వస్తానన్నాను. సరే అంది. నేను అవును దగ్గర టిక్కు పెట్టి సంతకం చేశాను. ఆమె తాడు మీది చిలక పుస్తకం తీసి, కొంగు చాటున నా చేతికిచ్చింది. "సోమవారం తెచ్చియ్యండి. ఎవరికీ చెప్పొద్దు."

గురువారం పోయాను. రాని పిల్లలు మా పాపతో కలిపి ఐదుగురు తేలారు. చివరన గోడవార కూర్చోబెట్టుకున్నాను. ముందు వరుస మధ్యలో ఇంకో పాప కూర్చుంది. టీచరమ్మ ఫోన్ ఎత్తగానే నా పక్కన మా పాప వీపు నిటారుగా అయింది. ఎవరూ దాన్ని పిలవలేదు.

ఇంటికి వచ్చేదాకా అది నాతో మాట్లాడలేదు. గుమ్మం దగ్గర బ్యాగు పడేసి అంది.

"నన్ను ఫోటో తియ్యడంల్యా. నువ్వే చెప్పినావంట గదా, నాకు చదువు రాదని."

"ఎవరు చెప్పారు?"

"అందరూ అంటాండారు."

అవును, నేనే చెప్పాను. బడిలో దానికి ఉన్న ఒక్క గొప్పా ఆ చోటు. అది పోగొట్టింది నేనే. పాలు కాచి ఇచ్చాను. తాగింది.

సాయంత్రం వదిన ఫోన్ చేసింది. "మ్మేయ్, ఈ వారం పాప ఫోటో పంపలేదే? జరమొచ్చిందా ఏంది?"

"ఆ, కొంచెం జ్వరం వదినా" అన్నాను.

తర్వాత చిలక పుస్తకం తీసి దాని ముందు పెట్టాను. కథ గడగడా చెప్పబోయింది. బొమ్మకు అడ్డంగా నా చెయ్యి పెట్టి, వేలితో ఒక్కో అక్షరం పట్టుకోమన్నాను. ఒకటి పట్టుకుంది, వదిలింది, మళ్లీ పట్టుకుంది. చాలాసేపటికి ఒక్క వరుస పూర్తయింది. టీవీ గొంతుతో కాదు, దాని సొంత గొంతుతో, మధ్యమధ్య ఆగుతూ. వరుస చివరికి రాగానే పుస్తకం రెండు చేతులతో ఛాతీ దగ్గరికి ఎత్తి, గడ్డం దించి, ఎదురుచూసింది.

నా చెయ్యి ఫోన్ కోసం వెతికింది. గోడ దగ్గర ఛార్జింగులో ఉంది. లేచి పోతే నాలుగడుగులు.

"ఫోన్ ఛార్జింగులో ఉంది" అన్నాను.

పాప అటు చూసింది. ఫోన్ నిజంగానే అక్కడ ఉంది. పుస్తకం మళ్లీ ఒళ్లోకి దించింది.

"అయితే ఇంకో లైను చదవల్లనా?"

"చదువు" అన్నాను.