రాళ్లాయన హీటరు

వీధిలో అందరూ రాళ్లాయన అని పిలిచే ఆ గడియారాల మెకానిక్కు ఆకాశం నుంచి పడిన రాళ్లంటే ప్రాణం. ఇనుములో తేనెరంగు స్ఫటికాలు పొదిగినట్టుండే ఆ అరుదైన ఉల్కముక్కలను గాజు బీరువాలో పేర్చి, మెత్తని బ్రష్షుతో దులిపి, చంటిపిల్లల్లా వెలుతురు వైపు ఎత్తి చూసుకుంటాడు. చెమ్మ తగిలితే ఇనుము తుప్పుపట్టి స్ఫటికాలు ఊడిపోతాయని, ఇంట్లో ఉన్న ఒక్క హీటరునూ వాటి పక్కనే పెట్టాడు.

ముసురు పట్టిన ఓ రోజు ఆయన భార్యకు జ్వరమొచ్చి పళ్లు టకటకలాడుతున్నాయి.

"నాన్నా, ఈ పూటకి హీటరు అమ్మ మంచం దగ్గర పెడతాను" అంది కూతురు.

"మీ అమ్మకి రెండు దుప్పట్లున్నాయి. వీటికేమున్నాయే?"

"ఊరుకోవే, సవతులు అలుగుతారు" అంటూ నవ్వబోయి దగ్గింది ఆవిడ. గోడ పట్టుకుని తనే వచ్చి, బీరువా పక్కన హీటరు ముందు కూలబడింది. వణుకు కాస్త తగ్గింది, దగ్గు తగ్గలేదు.

ఆయన లేచి దగ్గరికొచ్చి వంగాడు. నుదుటి మీద చెయ్యి వేస్తాడనుకుంది కూతురు.

ఆయన జేబురుమాలు తీసి, గాజు మీద పడిన దగ్గు తుంపరను శ్రద్ధగా తుడిచాడు.

"ముఖం అటు తిప్పుకుని దగ్గవే" అన్నాడు.