సంతకం పడని మూడు గళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో యేసు తిరుహృదయ పటం వెనక ఒక నీలిరంగు కార్డు ఉండేది. అందులో ఏడాదికి పన్నెండు గళ్లు. నెలకు అర్ధరూపాయి చందా కడితే ఒక గడిలో సంతకం పడేది. రేషను కార్డు ఎక్కడుందని అడిగితే ఇల్లంతా తడుముకునే మా నాయన, ఈ కార్డు సంగతి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

కోలారు బంగారు గనుల్లో బతికే కేథలిక్కులు, అంటే ఫాదర్లూ సిస్టర్లూ కాని మాలాంటి సంసారులు, కలిసి పెట్టుకున్న సంఘం కార్డు అది. హుండీలో పడిన డబ్బు ఏమైందో ఏడాదికొకసారైనా అందరి ముందూ చదివి వినిపించాలని, చర్చి పెద్దలను జనమే ఎన్నుకోవాలని వాళ్ల పట్టు. మా నాయన గనిలో డ్రిల్లు పట్టేవాడు. పొద్దంతా భూమి కింద రాయి తొలిచి, పైకొచ్చాక ఫాదర్‌గారి ఓపిక తొలుస్తాడని అమ్మ ఎగతాళి చేసేది.

సంఘం నియమాలు రాసింది కూడా నాయనే. మూడు నెలల చందా బాకీ పడితే ఓటు లేదు. మీటింగు రోజు వచ్చి బాకీ అంతా ఒక్కసారిగా కట్టినా ఆ రోజుకు ఓటు రాదు. అంతకుముందు ఒక కాంట్రాక్టరు మీటింగు పొద్దున వచ్చి, ఎంతోమంది బాకీలు తానే కట్టేసి, వాళ్ల చేతులు తనకు కావలసినట్టు ఎత్తించుకున్నాడట. ఆ దారి మూయడానికి నాయన వేసిన గడియ అది.

ఒక లోటు మాత్రం మిగిలిపోయింది. ఇంటికి ఒకటే కార్డు, అదీ మగవాడి పేరు మీద. గని కూలీల లైను ఇళ్లన్నీ తిరిగి, గుమ్మం గుమ్మం దగ్గర నిలబడి సభ్యులను చేర్చింది మా అమ్మ. ఓటు వేసేది నాయన. “నేను పోగు చేసిన జనం చేతులెత్తుతారు, నేను గోడకానుకొని చూడాల” అని అమ్మ ఒక రోజు రాగిసంగటి కెలుకుతూ అన్నది. నాయన పటం వెనక నుంచి కార్డు తీసి, దాని మీది తన పేరు చూసుకున్నాడు. తర్వాత, ఈసారి మీటింగులో ఆడవాళ్లకు వేరే కార్డు, వేరే ఓటు ఉండాలని తీర్మానం పెడతానని మాటిచ్చాడు. అమ్మ నవ్వలేదు గానీ, ఆ రోజు ఆయన కంచంలో సంగటి ముద్ద కాస్త పెద్దదే పడింది.

ఆ తర్వాత నాయనకు దగ్గు పట్టుకుంది. గనివాళ్లకు రాతిపొడి వల్ల వచ్చే దగ్గు. మూడు నెలలు మంచం దిగలేదు. నెల మొదటి ఆదివారం వస్తే అర్ధరూపాయి నా చేతికిచ్చి, పటం వెనక కార్డు తీసుకుపోయి చర్చి బడి గదిలో కూర్చునే టైంకీపర్ తాతకు ఇచ్చి రమ్మనేవాడు. గనిలో టైంకీపరుగా చేసి రిటైరైన ఆ తాతే సంఘం రిజిస్టరు రాసేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

బడి గదికి పోయే దారిలోనే పునీత అంతోనివారి స్వరూపం, అంటే విగ్రహం, దాని కింద హుండీ ఉండేవి. అంతోనివారిని అడిగితే కానిది లేదని మా లైనులో అందరూ అనుకునేవాళ్లు. నేను మూడు నెలలూ ఆ అర్ధరూపాయి హుండీలో వేసి, మా నాయన దగ్గు తగ్గాలని మొక్కుకొని, కార్డు తెచ్చి పటం వెనక పెట్టేశాను. దొంగతనం చేస్తున్నాననే అనుకోలేదు. బడి గదీ హుండీ ఒకే కాంపౌండులో ఉన్నాయి, డబ్బు ఎటు పోయినా దేవుడి పనికేగా అనుకున్నాను. ఏ హుండీ లెక్క చెప్పమని నాయన అన్నేళ్లు కొట్లాడాడో, ఆయన చందా తీసుకుపోయి అందులోనే పడేశాను. “ఇచ్చినావా అమ్మా?” అని నాయన అడిగితే “ఇచ్చినాను నాయనా” అనేదాన్ని. ఎవరికని ఆయన అడగలేదు.

మీటింగు నాటికి నాయన లేచి తిరుగుతున్నాడు. అంతోనివారు విన్నారని నాకు లోలోపల గర్వంగా కూడా ఉంది. ఆదివారం పూజ అయ్యాక జనమంతా బడి గదిలో చేరారు. మగవాళ్లు ముందు బెంచీల మీద, ఆడవాళ్లం వెనక చాప మీద. నేను అమ్మ పక్కన గోడకూ కిటికీకీ మధ్య మూలలో ఇరుక్కొని కూర్చున్నాను. టైంకీపర్ తాత లేచి, ఓటుకు ముందు ఎవరి చందా ఎంతవరకు వచ్చిందో చదువుతానన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో. లేచి పోదామంటే వాకిలి దాకా జనం కాళ్లే. కిటికీ కమ్మీలు పట్టుకొని కూర్చుండిపోయాను. తాత ఒక్కో పేరూ చదువుకుంటూ వస్తున్నాడు.

నాయన పేరు దగ్గర తాత ఆగాడు. “మూడు నెల్లుగా సంతకం లేదప్పా. కార్డు తెచ్చినావా?”

నాయన జేబులోంచి కార్డు తీసి చూశాడు. ఆ తర్వాత తల తిప్పి నా వైపు చూశాడు. ఒక్క క్షణమే.

“ఎవురి చేత పంపిస్తివి?” అని తాత అడిగాడు.

“ఎవురి చేతా పంపలేదు. పడకలో ఉంటిని. మర్చిపోయినాను.”

తీర్మానానికి అడ్డం నిలబడినవాళ్లలోంచే ఒకాయన, జబ్బు మనిషి కదా, ఇప్పుడు కట్టమనండి అన్నాడు. తాత కళ్లద్దాలు సర్దుకున్నాడు. “ఇప్పుడు కడితే బాకీ తీరుతుంది. ఓటు మాత్రం రాదు. రాసింది నువ్వే కదప్పా.”

“నేనే రాసినాను” అన్నాడు నాయన. లేచి, బెంచీలు దాటుకొని వెనక్కి వచ్చి, ఆడవాళ్ల చాప మీద అమ్మ పక్కన కూర్చున్నాడు.

చేతులు లెక్కపెట్టారు. రెండు వైపులా సమానం. సమానమైతే పాత పద్ధతే నిలుస్తుందని, ఓడిన తీర్మానం మూడేళ్లదాకా మళ్లీ తేకూడదని కూడా నాయనే రాసిపెట్టాడు. ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు మరి.

ఆ సాయంత్రం కొళాయి దగ్గర బిందె నిండుతుంటే నాయన నెమ్మదిగా అడిగాడు. “యాడ ఇచ్చినావమ్మా?” నేను చెప్పాను. నీ దగ్గు కోసమని కూడా చెప్పి ఏడ్చాను. ఆయన నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, కొళాయి స్తంభం పట్టుకొని వంగిపోయాడు. “మీ యమ్మకు చెప్పొద్దు. ఇంగ నేను మర్చిపోయినానని అందరి ముందరా అనేసినాను. అదే మాట ఉండనీ.”

దెబ్బలు తప్పాయని ఆ రోజు నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన నా కోసం మూసిన తలుపు నా మీదే పడిందని తర్వాత తర్వాత తెలిసింది. ఇంట్లో ఏ చిన్న మాట వచ్చినా అమ్మ అక్కడికే పోయేది. నా ఓటు నాకు తెస్తానని నీది కూడా పోగొట్టుకున్నావే, ఆ మాత్రం గుర్తు లేకపాయెనా అనేది. నాయన తల గోక్కొని ఊరుకునేవాడు. నేను అన్నం ముందు తల దించుకొని కూర్చునేదాన్ని. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. చెబితే నాయన అబద్ధమాడినట్టవుతుంది, చెప్పకపోతే ఆయన రోజూ మాటలు పడాలి. నెల గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. రెండో ఏడు వానల్లో దగ్గు తిరగబెట్టి నాయన పోయాడు.

మూడేళ్లు నిండాక ఆ తీర్మానం మళ్లీ వచ్చి, పెద్దగా వాదన లేకుండానే నెగ్గింది. అమ్మ తన పేరు రాసిన కొత్త కార్డు తెచ్చి, మొదటి గడిలో సంతకాన్ని వేలితో తడిమి, నాయన కార్డు పక్కనే పటం వెనక పెట్టింది. “ఆ మతిమరుపు లేకపోయుంటే ఆయన ఉండంగనే వచ్చుండేది” అన్నది. ఇక నా వల్ల కాలేదు. అంతా చెప్పేశాను.

అమ్మ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. గోడకానుకొని అలాగే కిందికి జారి కూర్చుంది. “అన్ని మాటలంటినే ఆయన్ని. ఒక్కసారి నోరు తెరవలేదే.” తలెత్తి నా ముఖం చూసింది. “అప్పుడే చెప్పుంటే రెండు దెబ్బలతో పోయేది కదమ్మా. ఇప్పుడు నేను యాడ పోయి ఆయనకు చెప్పుకునేది?”

మరుసటి ఆదివారం అమ్మ, నాయన పాత కార్డు కొంగులో కట్టుకొని, నా చెయ్యి పట్టుకొని టైంకీపర్ తాత దగ్గరికి నడిచింది. మూడు అర్ధరూపాయలు నా అరచేతిలో పెట్టి నన్నే ఇమ్మంది. ఇవి మా నాయనవి, అప్పుడు నేనే ఇయ్యలేదు అన్నాను. పోయినవాళ్ల చందా తీసుకోవచ్చని ఏ నియమంలోనూ లేదు. గనిలో నిమిషం ఆలస్యమైతే పూట కూలి కోసిన ఆ మనిషి, ఏమీ అడగకుండా కార్డు విప్పి, ఆ మూడు గళ్లలో నిదానంగా మూడు సంతకాలు పెట్టాడు.

గనులు మూతపడి చాలా కాలమైంది. నేనిప్పుడు కోలారు టౌనులో, తమక పేటలో మా కూతురి దగ్గర ఉంటున్నాను. అయినా నెల మొదటి ఆదివారం గనుల ఊరికి బస్సెక్కి పోయి చందా కట్టి వస్తాను. ఫోన్లో పంపొచ్చు కదవ్వా అని ఇప్పుడు రిజిస్టరు రాసే పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. నా ఎదురుగా సంతకం పడాలి నాకు. చెప్పాల్సిన మాట ఏదన్నా ఉన్నా అంతే, ఆ నెల దాటనివ్వను. అందుకే మా కూతురి లెక్కలో నేను నోటి దురుసుదాన్ని.

ఆ మూడు సంతకాలు పెట్టిన రోజు, కార్డు అమ్మ చేతికిస్తూ తాత “బాకీ తీరిందమ్మా” అన్నాడు. దాని వెనకే, ఆనాడు మీటింగులో నాయనతో అన్నట్టు, ఆయన ఎప్పుడూ అనే రెండో మాట ఒకటుంది. నా ముఖం చూసి దాన్ని మింగేశాడు. ఆయన అనకుండా వదిలేసిన ఆ మాటనే నేనింకా మోస్తున్నాను.