కాలేబ్ అంకుల్ అబ్జర్వేషన్‌లో మా ఫోన్

పాడైన వస్తువును చూస్తే ఎవరికైనా కంగారు పుడుతుంది. మా కాలేబ్ అంకుల్‌కి బాగైన వస్తువును చూస్తే పుడుతుంది. అది మళ్ళీ ఏ నిమిషాన మొరాయిస్తుందోనని దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఆ కుర్చీ కూడా ఆయనదే. మడతపెట్టి కారు డిక్కీలో వేసుకుని తిరుగుతారు. ఇలా కూర్చోవడానికి ఆయన పెట్టుకున్న పేరు 'అబ్జర్వేషన్'. రిపేరుకు పది నిమిషాలు పడితే అబ్జర్వేషన్‌కు ఒక పూట పడుతుంది.

ఆయనది నరసాపురం. అక్కడ రేడియోలు బాగుచేసేవారు. ఇక్కడ న్యూజెర్సీలోని పార్సిప్పనీలో ఒక ఆఫీస్ బిల్డింగ్‌లో ఇరవై రెండేళ్ళు ఏసీలూ లిఫ్టులూ చూసి రిటైరయ్యారు. మా తెలుగు చర్చిలో ఏది ఆగిపోయినా పాస్టర్ గారు ముందు ప్రార్థన చేస్తారు, తర్వాత కాలేబ్ అంకుల్‌కి ఫోన్ చేస్తారు. మరీ అర్జెంటయితే వరస మారుతుంది.

ఒక ఆదివారం మైకు గరగరలాడింది. అంకుల్ వైరు సరిచేశారు. గరగర పోయింది. మామూలు మనిషైతే వెళ్ళి కూర్చుంటాడు. ఈయన నమ్మలేదు. ప్రసంగం పూర్తయ్యేదాకా వైరు చేత్తో పట్టుకుని పాస్టర్ గారి పక్కనే నిలబడ్డారు. ఆ రోజు కొత్తగా వచ్చిన అమెరికన్ దంపతులు ఆయన్ని అనువాదకుడనుకుని, ఎప్పుడు నోరు విప్పుతాడా అని నలభై నిమిషాలు ఆశగా చూశారు.

ఇంకోసారి ఎవరింట్లోనో డిష్‌వాషర్ బాగుచేశారు. అబ్జర్వేషన్ కోసం వరసగా మూడు లోడ్లు వేయించారు. ఈలోగా ఆ ఇంటివాళ్ళు మర్యాదకు ఒకసారి టిఫినూ ఒకసారి భోజనమూ పెట్టారు. మూడో లోడ్‌లో కడిగినవన్నీ ఆయన తిన్న పళ్ళేలే.

"ఆంటీ, ఇంట్లో కూడా ఇంతేనా?" అని విమలకుమారి ఆంటీని అడిగాను ఒకసారి.

"పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళయిందమ్మా. నేనింకా అబ్జర్వేషన్‌లోనే ఉన్నాను" అన్నారావిడ.

నేను కెమిస్ట్రీలో రెండు డిగ్రీలు చేసి, ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో మాత్రలు ఎన్నాళ్ళు చెడిపోకుండా ఉంటాయో తేల్చే ఉద్యోగం చేస్తున్నాను. అంటే బాగానే ఉన్న మాత్రల ఎదురుగా నెలల తరబడి కూర్చుని, ఎప్పుడు పాడవుతాయా అని చూస్తాను. అయినా అంకుల్‌ని చూసి నవ్వేదాన్ని. నాకు జీతం ఇస్తారు కాబట్టి నాది సైన్సు.

మా పాప అబిగేల్ పుట్టాక ఆ నవ్వు కాస్త తగ్గింది.

పాపకు పది వారాలు. నేను నిద్రపోయి కూడా సరిగ్గా పది వారాలు. ఇంకో రెండు వారాల్లో నా సెలవు అయిపోతుంది. పాప మధ్యాహ్నం పడుకుంటే నేనూ ఓ గంట పడుకోవచ్చని పెద్దవాళ్ళందరూ చెప్పారు. పాపకు మాత్రం ఎవరూ చెప్పలేదు. మనిషి గొంతు వింటే ఏడుస్తుంది. నా గొంతయితే మరీను. చివరికి నా ఫోన్‌లో ముప్పావుగంట సాగే ఒక వీణ రికార్డింగ్ పెడితే పడుకోవడం మొదలుపెట్టింది. దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాం. మూడో రోజునుంచి ఆ పాట మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది.

ఒకరోజు ఆరో నిమిషంలో. ఒకరోజు ఇరవయ్యో నిమిషంలో. పాట ఆగిన మూడో సెకనుకు పాప లేస్తుంది. నాలుగో సెకనుకు బిల్డింగంతా లేస్తుంది.

చదువుకున్నదాన్ని కదా, ఊరుకుంటానా? పట్టిక తయారుచేశాను. పాప తాగిన పాలు, గది వేడి, ఫోన్‌లో చార్జింగ్, వైఫై బలం, ఫోన్ ఏ వైపు తిప్పి పెట్టాను, బయట వాన ఉందా లేదా, ఇలా పదకొండు కాలమ్‌లు. అన్నీ నింపాక స్పష్టంగా తేలిందేమిటంటే, పాట ఆగిపోతోంది.

మా ఆయన వినయ్ కుమార్ పదకొండేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. సమస్య చెబితే లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా అనేవాడు:

"రీస్టార్ట్ చేశావా?"

"చేశాను."

"మళ్ళీ చెయ్."

ఈ నైపుణ్యం అమెరికాలో దొరక్కే కంపెనీవాళ్ళు అతనికి వీసా ఇప్పించారు. ఆ సలహా ఇచ్చేసి, హెడ్‌సెట్ తీసుకుని, "కాల్ ఉంది పర్సీ, ఇక్కడ మాట్లాడితే పాప లేస్తుంది. కార్‌లో తీసుకుంటా" అని కిందికి వెళ్ళిపోయేవాడు. మా కిటికీ కిందే పార్కింగ్. పాప కోసం ఆ ఇరుకు కార్లో కూర్చుని పనిచేస్తున్నాడే అని నా గుండె నీరయ్యేది.

ఆ వారం నేను ఇంటి తాళాలు ఫ్రీజర్‌లో పెట్టాను. పాల సీసా వాషింగ్ మెషీన్‌లో వేశాను. పాప తుమ్మితే ఏడ్చాను, తుమ్మకపోతే ఊపిరి ఆడుతోందో లేదోనని ఏడ్చాను. ఇలాంటి మనిషి రెండు వారాల్లో ల్యాబ్‌కి వెళ్ళి, జనం మింగే మాత్రలు మంచివేనని సంతకం పెట్టాలి. సెలవు పొడిగించమంటే కుదరదన్నారు. పొరపాటున ఒక సున్నా ఎక్కువ వేస్తే ఏమవుతుందో తలచుకుంటే, ఆ వచ్చే కాస్త నిద్ర కూడా వచ్చేది కాదు.

ఆదివారం చర్చిలో భోజనాల దగ్గర విమలకుమారి ఆంటీతో ఈ గోడు వెళ్ళబోసుకుంటున్నాను. నాలుగు టేబుళ్ళ అవతల కాలేబ్ అంకుల్ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఏం ఆగిపోతోందమ్మా?" అంటూ పెరుగన్నంతో సహా వచ్చేశారు.

"ఫోన్‌లో పాట అంకుల్. దానంతటదే ఆగిపోతోంది."

"దానంతటది ఏదీ ఆగదమ్మా. రేపు ఒంటిగంటకి వస్తాను."

"వద్దులెండి అంకుల్, మీకెందుకు శ్రమ..."

"అయిపోయావు" అన్నట్టు ఆంటీ నా భుజం తట్టారు.

సోమవారం ఒంటిగంటకు ఒక్క నిమిషం ముందు తలుపు తట్టారు. ఒక చేతిలో కుర్చీ, ఒక చేతిలో నోట్‌బుక్కు.

"వందనాలమ్మా. బ్యాటరీ సేవర్?"

"ఆపేశాను అంకుల్. వందనాలు."

"స్లీప్ టైమర్?"

"పెట్టలేదు."

"ఇదే అకౌంట్‌లో ఇంకెవరైనా పాటలు వింటారా?"

"వినయ్. కానీ ఫ్యామిలీ ప్లాన్. ఎవరి పాటలు వాళ్ళవే."

"రీస్టార్ట్?"

"అంకుల్, ఈ ఇంట్లో పడుకుని లేచేది ఆ ఫోనొక్కటే."

పాట పెట్టాం. పాప పడుకుంది. వినయ్ హెడ్‌సెట్ చూపించి, కాళ్ళ వేళ్ళ మీద నడుచుకుంటూ కిందికి వెళ్ళిపోయాడు. ఆరు నిమిషాలకు వీణ ఠక్కున ఆగింది. పాప మొదలుపెట్టింది. నేను పాపను ఎత్తుకుని ఊపుతుంటే అంకుల్ ఫోన్ తెర చూశారు. తర్వాత కిటికీ బ్లైండ్స్ రెండు వేళ్ళతో విడదీసి కిందికి చూశారు.

"సిగ్నల్ చూసొస్తానమ్మా."

"ఫోన్ ఇక్కడుంటే కింద సిగ్నలేంటి అంకుల్?" అన్నాను. అప్పటికే మెట్లు దిగుతున్నారు.

పావుగంటకు వినయ్‌ని వెంటబెట్టుకుని వచ్చారు. వినయ్ ముఖం ఇస్త్రీ చెయ్యని చొక్కాలా ఉంది.

"దొరికిందా అంకుల్?"

"దొరికీ దొరకనట్టుందమ్మా. అబ్జర్వేషన్ కావాలి."

"ఎంతసేపు?"

"రెండు వారాలు."

నేను నెత్తి కొట్టుకున్నాను. ఆయన మాత్రం డాక్టరు మందుచీటీ రాసినట్టు చెప్పుకుపోయారు. రోజూ ఒంటిగంట నుంచి మూడింటిదాకా పాప గది గుమ్మంలో కూర్చుంటారు. ఆ గదిలో ఇంకో ఫోన్ ఉండకూడదు. ఇంట్లో మనుషులు అటూ ఇటూ తిరిగితే తరంగాలు చెదురుతాయి. కాబట్టి మేమిద్దరం మా గదిలో, లైటు తీసేసి, కదలకుండా పడుకోవాలి.

"అంకుల్, మనిషి కదిలితే ఆగిపోయే పాట ప్రపంచంలో ఎక్కడా లేదు."

"నువ్వు సైన్స్ చదివావు కదమ్మా?"

"రెండు డిగ్రీలు."

"అయితే మధ్యలో కదిలితే ప్రయోగం పాడవుతుందని నేను చెప్పాలా?"

రెండు డిగ్రీలూ నోరు మూసుకున్నాయి. వినయ్ నసిగాడు: "అంకుల్, నాకు కాల్ ఉంటుంది, కార్‌లో..."

"కారు ఇనుము బాబూ. తరంగాలు లాగేస్తుంది. ఆ కాల్ ఏదో మంచం మీద పడుకునే తీసుకో."

వినయ్ హెడ్‌సెట్ బల్లమీద పెట్టేశాడు. కట్టుకున్నదాని మాట పదిసార్లు చెప్పినా వినని మనిషి, ఆయన మాట ఒక్కసారికి విన్నాడు. భౌతికశాస్త్రం ఇంత దిగజారిపోయిందా అని బాధపడుతూ నేనూ వెళ్ళి పడుకున్నాను.

మొదటిరోజు నాలుగుసార్లు లేచి తొంగిచూశాను. తొంగిచూసిన ప్రతిసారీ అంకుల్ తల తిప్పకుండానే "కదిలావు. రీడింగ్ పోయింది. మళ్ళీ మొదటినుంచి" అనేవారు. అయిదోసారి వెళ్ళేసరికి నేను అడగకుండానే నోట్‌బుక్కు నావైపు తిప్పారు. '1:20: పాట ఉంది, పాప ఊపిరి ఉంది. 1:30: పాట ఉంది, పాప ఊపిరి ఉంది. 1:34: పాప చిన్న తుమ్ము. పాట చలించలేదు.' నా పట్టికలో ఊపిరి కాలమ్ లేదు. భయపడి పెట్టలేదు. ఇంకెవరో ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిశాక, మంచం మీద నడుం వాల్చడం వరకే నాకు గుర్తుంది.

పాట ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆగలేదు.

"బాగైపోయింది అంకుల్" అన్నాను మూడో రోజు.

"అలాగే నమ్మిస్తుందమ్మా."

"వారమైంది అంకుల్!" అన్నాను మరో నాలుగు రోజులకు.

"నీ మాత్రలు వారానికే బాగున్నాయని రాసేస్తావా?"

రాయను. ఆర్నెల్లు చూస్తాను. అందుకని ఆయనకు కాఫీ కలిపిచ్చి వెళ్ళి పడుకునేదాన్ని. ఇంతలో ఒక వింత గమనించాను. తాళాలు తలుపు పక్కనే ఉంటున్నాయి. పాల సీసాలు వంటింట్లోనే ఉంటున్నాయి. వినయ్ తనంతట తానే పాప డైపర్లు మార్చి, మార్చినట్టు నాకు చెప్పుకోకుండా తిరుగుతున్నాడు.

ఉద్యోగానికి వెళ్ళే ముందు శనివారం పాపను వదిలే డేకేర్‌కి ఎన్ని నిమిషాల దారో చూసుకుందామని కారు తీశాను. నెల ముందే చూసి ఉంచాను, కానీ వాన పడితే ఎంతవుతుందో తెలియాలి కదా. మ్యాప్ పెడదామంటే నా ఫోన్ కారుకు కలవలేదు. ఎప్పుడూ స్టార్ట్ చేయగానే మొట్టమొదట నా ఫోనే కలిసేది. ఇప్పుడు కారు తెరమీద నా పేరే లేదు. వెనక సీట్లో మాత్రం నెల్లాళ్ళుగా కనిపించని మా దిండు ఉంది. దానిమీద నా భర్త తల గుంట కూడా ఉంది.

వినయ్‌ని కిందికి పిలిచాను.

"ఏంటిది?"

"దిండు."

"కాల్స్ దిండు మీద తీసుకుంటారా?"

నిజం బయటికి రావడానికి రెండు నిమిషాలు పట్టింది. కాల్స్ లేవు. రోజూ మధ్యాహ్నం పాప పడుకోగానే కారులోకి వెళ్ళి, ఏసీ కోసం స్టార్ట్ చేసి, నిద్రపోయేవాడు. కారు స్టార్ట్ అవ్వగానే పైన గదిలో ఉన్న నా ఫోన్‌ని బ్లూటూత్‌తో పట్టుకుని, వీణను కిందికి లాక్కునేది. పైన పాట బంద్.

"కార్‌లో వీణ మోగుతుంటే నీకు అనుమానం రాలేదా?"

"నా ఫోనే దానంతటది మొదలుపెట్టిందనుకున్నా పర్సీ. ఆ వీణ నా ఫోన్‌లోనూ ఉంది కదా. అందుకే ఆపేసి పడుకునేవాణ్ణి."

పదకొండేళ్ళ సాఫ్ట్‌వేర్! నేనేం తక్కువ తినలేదు. పదకొండు కాలమ్‌లలో భర్తకు ఒక్క కాలమ్ పెట్టలేదు.

"మరి అంకుల్?"

"మొదటిరోజే వచ్చి అద్దం కొట్టారు. నేను గాఢనిద్రలో ఉన్నా. తిడతారనుకున్నా. 'నిద్రపోయి ఎన్నాళ్ళయింది బాబూ?' అన్నారంతే. కారు తెరమీంచి నీ ఫోన్ పేరు తీసేశారు, ఒక్క నిమిషం పట్టింది. నేను పైకొచ్చి నీకు చెప్పేస్తానంటే వద్దన్నారు."

"ఎందుకు?"

"'ఇప్పుడు చెబితే నిన్ను తిట్టే ఓపిక కూడా ఆ పిల్లకి లేదు. పైగా బాగైందని చెప్పేస్తే రేపు నేను ఏ వంకతో రావాలి?' అన్నారు."

నేను దారి చూసుకోవడానికి వెళ్ళలేదు. వినయ్‌కి చెప్పాల్సినవన్నీ అక్కడే, పార్కింగ్‌లో, వరసగా చెప్పాను.

మర్నాడు చర్చిలో భోజనాల దగ్గర అంకుల్‌ని పట్టుకున్నాను.

"అంకుల్, కారు సంగతి తెలిసిపోయింది."

బిర్యానీ ముద్ద నోటిదాకా వెళ్ళి నిలిచిపోయింది. "అబ్బాయినేమన్నా అన్నావా?"

"అన్నాను."

"ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

"మధ్యలో ఎక్కడైనా ఆగావా?"

"లేదంకుల్."

"ఏడుపు?"

"రాలేదు."

"అన్న మాటే మళ్ళీ అన్నావా?"

"ఒక్కటి కూడా అనలేదు. మీరేం కంగారు పడకండి, ఆఖర్న అతనికి కాఫీ కూడా పెట్టిచ్చాను."

అంకుల్ ముద్ద పళ్ళెంలో పెట్టేసి, కళ్ళజోడు సరిచేసుకుని, నన్ను ఆపాదమస్తకం ఒకసారి చూశారు. తర్వాత నాలుగు టేబుళ్ళ అవతలికి వినిపించేలా కేకేశారు:

"విమలా! ఈ అమ్మాయి రేపు నిక్షేపంలా ఉద్యోగానికి వెళ్ళొచ్చు!"