వాడు పేర్చిన రాళ్లు

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. మా వదినకి నేను అర్ధం కాదు, ఒకటిన్నర అని మా అన్నయ్య ఎగతాళి చేస్తుంటాడు. నిజమే, నాకు నోరెక్కువ, దాచుకోను. అంత నోరున్న నేను కూడా మాట పెగలక నిలబడిపోయిన రోజొకటుంది. అది చెప్పాలంటే ముందు మా వదిన గురించి, ఆమె హాల్లో ఉన్న చేపల తొట్టి గురించి చెప్పాలి.

మా వదిన లాడ్జిలో గదులు సర్దుతుంది. పెళ్లయిన కొత్తలో చేరిన పని, ఇప్పటికీ అదే. దిగినవాళ్లు గదిని ఎంత చిందరవందర చేసి పోయినా, ఆమె తలుపు మూసి బయటికొచ్చేసరికి అది నిన్నటి గదే. దుప్పటి మడత, గ్లాసు బోర్లించే చోటు, కర్టెన్ ఎంతవరకు లాగాలన్నది, అన్నీ కళ్లలో ముద్రపడిపోయాయి. మా ఇంటికి వచ్చినా ఊరుకోదు, నా వంటగట్టు మీద డబ్బాలన్నీ వరస మార్చి పోతుంది. ఆమె వెళ్లాక ఉప్పెక్కడో పప్పెక్కడో తెలియక నేను తిట్టుకుంటూ ఉంటాను.

ఒక్కడే కొడుకు. నా మేనల్లుడు. ఫోన్లు బాగుచేసే షాపులో పని, ఇంటికొస్తే ఉప్పునీళ్ల చేపల పిచ్చి. మామూలు రంగుచేపలు కావవి, సముద్రంలో ఉండేవి. వాటికి నీళ్లలో ఉప్పు సరిగ్గా కలపాలి, ఆ నీళ్లు చల్లబడకూడదు, వేడెక్కకూడదు, ఎప్పుడూ కదులుతూ ఉండాలి. టీవీ ఉండాల్సిన చోట తొట్టి పెట్టాడు. అందులో సందులూ గుహలూ ఉండేలా రాళ్లు పేర్చి, ఒక్కో చేపకీ ఒక్కో ఇల్లు అన్నాడు. ఇంట్లో అందరికీ ఆ తొట్టితో పేచీయే. నేలంతా ఉప్పు మరకలని వదిన, మోటారు మోతకి కునుకు పట్టదని అన్నయ్య, చేపలకి చేసే సేవలో సగం మీ అమ్మకి చెయ్యరా అని నేను. ఏమన్నా నవ్వేవాడు వెధవ.

పోయిన వానాకాలం షాపు నుంచి వస్తుంటే బండి జారింది. ఆస్పత్రికి చేర్చేలోపే పోయాడు. దీని గురించి ఇంతకంటే నేను చెప్పలేను.

వచ్చిన చుట్టాలంతా వెళ్లిపోయాక, వదిన లేచి చేసిన మొదటి పని చేపలకి మేత వెయ్యడం. ఆ రోజు నుంచి ఆ తొట్టే ఆమెకి లోకమైపోయింది. ఉప్పు కలపడం చేపలమ్మే షాపాయన దగ్గర నేర్చుకుంది. బకెట్లు మోసేది అన్నయ్య. మోటారు మోత మీద ఆయన మళ్లీ ఒక్క మాట అనలేదు. రాళ్ల మీద నాచు పడితే వదిన ఒక్కో రాయినీ తీసి, తొట్టిలోంచి తోడిన నీళ్లలోనే బ్రష్షుతో రుద్ది, మళ్లీ తీసినచోటే పెట్టేది. వెంట్రుకవాసి తేడా రానిచ్చేది కాదు. వాడు చేత్తో పెట్టినవి గదా, ఎలా ఉన్నవి అలా ఉండాలి అనేది.

ఉన్న చేపలు కాసిని. అందులో ఒక నీలం చేప. బొటనవేలంత ఉండదు గానీ పొగరు చూస్తే ఏనుగంత. వాడు మొట్టమొదట తెచ్చింది అదే. దాదా అని పిలిచేవాడు. ఒక పసుప్పచ్చది. నారింజరంగు మీద తెల్ల పట్టీలున్నవి ఒక జంట, వాటిని అమ్మానాన్నా అనేవాడు. నాన్న చిన్నది, అమ్మ పెద్దది. ఇంట్లో ఉన్నట్టే ఉన్నారు అని అన్నయ్యని ఏడిపించేవాడు.

ఎండలు ముదిరే రోజుల్లో దాదా ఆగడం మొదలైంది. ఎడమవైపు పెద్ద రాతి కింద గుహ దాని ఇల్లు. ముందు ఆ గుమ్మం దగ్గరికి ఎవరొచ్చినా తరిమేది. తర్వాత గుహ ముందున్న ఇసుకంతా తనదే అంది. ఆ తర్వాత సగం తొట్టి. మేత వేస్తే ముందు అది తినాలి, అది తిన్నాక కూడా ఇంకొకరు నోరు తెరిస్తే దూసుకొచ్చి పొడవాలి. పసుప్పచ్చదాని తోక చిరిగి పీలికలైంది. ఒక ఉదయం అది అడుగున పక్కకి ఒరిగి పడి ఉంది. వదిన దాన్ని దోసిట్లోకి తీసుకుని అలాగే కూర్చుంది, డ్యూటీకి వెళ్లలేదు. నేను ఫోన్ చేస్తే, "వాడి చేపని చంపేశాను" అంది. నువ్వెందుకు చంపుతావు, ఆ నీలిముఖంది చంపింది అంటే వినదే.

నేను ఊరుకునే రకమా? ఎవరో చెబితే విని నా చేతి అద్దం పట్టుకెళ్లి తొట్టి గోడకి ఆనించాను. అద్దంలో ఇంకో దాదాని చూసి ఇది రెచ్చిపోయి, పొద్దస్తమానం దాన్నే కుమ్ముతూ కూర్చుంది. అప్పుడు మాత్రం అన్నయ్య కూడా నవ్వాడు. మర్నాటికల్లా దానికి తెలిసిపోయింది, ఆ రెండోవాడు ఉత్త పిరికివాడని. మళ్లీ మామూలే. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టయింది నా తెలివి.

చేపల షాపాయన ఇంటికొచ్చి చూశాడు. ఆ చోటు తనదన్న ధీమా దానిది, రాళ్లన్నీ తీసేసి వేరేగా పేర్చండి, అప్పుడు దాని ఇల్లెక్కడో దానికే తెలియదు, అందరూ కొత్తవాళ్లయిపోతారు, గొడవ సద్దుమణుగుతుంది అన్నాడు. కాదంటే దాదాని పట్టి తనకిచ్చెయ్యమన్నాడు. అయితే ఆ గుహలోంచి దాన్ని పట్టాలన్నా రాళ్లు తియ్యాల్సిందేనట. వదిన రెంటికీ ఒప్పుకోలేదు. దాదా వాడు మొదట తెచ్చింది, రాళ్లు వాడు చేత్తో పేర్చినవి. ఏదీ వదలదు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు, కుదరదండీ అంది, అంతే. ఆయన మొహమాటపడి టీ అయినా తాగకుండా వెళ్లిపోయాడు.

మొండిదానివని తిట్టాను. చచ్చినవాడి రాళ్ల కోసం బతికున్నవాటిని చంపుకుంటావా అనేదాకా వచ్చింది నా నోరు. అనలేదు, మింగేశాను. అంటే ఆ గుమ్మం మళ్లీ తొక్కగలిగేదాన్నా?

తర్వాత అమ్మ పోయింది. జంటలో పెద్దది. రెక్కలు చివికిపోయి, పైన మూలన మోటారు గొట్టం వెనక నక్కి, మేత కోసం కూడా బయటికి రాకుండా పోయింది. ఇక మిగిలింది చిన్నది, నాన్న. అది కూడా వెళ్లి అదే గొట్టం వెనక చేరింది. ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి వదిన షాపాయనకి ఫోన్ చేస్తోంది. నాన్న ఎన్నాళ్లుంటుందని అడిగింది. ఇలాగే ఉంటే ఎన్నాళ్లో ఉండదన్నాడు. వదిన, అవి మా వాడు పేర్చిన రాళ్లండీ, ఎలా కదపమంటారు అంది. ఫోన్ స్పీకర్లో ఉంది, ఆయనన్నది నేనూ విన్నాను.

"అమ్మా, మీకు తెలీదా? మీ అబ్బాయి ఎప్పుడూ రాళ్లు మారుస్తూనే ఉండేవాడు కదమ్మా. దాదా కాస్త పేట్రేగితే చాలు, మొత్తం తీసి వేరేగా పేర్చేవాడు. పేర్చినప్పుడల్లా షాపుకొచ్చి చెప్పేవాడు. అందుకేగా అప్పుడు గొడవల్లేవు."

వదిన ఫోన్ బల్ల మీద పెట్టింది. నావైపు చూసింది. నాకేం తెలుసు నా మొహం? వాడు ఆ పనులన్నీ ఆదివారాలు చేసుకునేవాడు. ఆదివారం లాడ్జిలో రద్దీ, వదిన ఇంట్లో ఉండదు. వాడు పేర్చింది ఒక్కసారే అనుకున్నాం. ఆఖరిది తప్ప మేం ఏదీ సరిగా చూసిందే లేదు.

ఆమె చీరకొంగు దోపుకుని లేచింది. బకెట్లోకి తొట్టి నీళ్లు తోడమంది, తోడాను. చెయ్యి భుజం దాకా ముంచి మొదటి రాయి పట్టుకుంది. పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. నేను తీస్తానన్నాను. వద్దంది. ఒక్కో రాయీ తీసి నా చేతికిచ్చింది, నేను బకెట్లో పెట్టాను. గుహ మీది పెద్ద రాయి తీసేటప్పుడు, "నీ కాళ్లు మొక్కుతా, నన్ను తిట్టుకోకురా" అని గొణిగింది. ఎవరికి చెప్పిందో అడగలేదు.

అన్నీ తీశాక తొట్టి ఇసుకతో బోసిగా ఉంది. దాదా తన గుహ ఉన్న చోటికి వెళ్లి అటూ ఇటూ తిరిగింది. అక్కడ ఏమీ లేదు. పోయి మళ్లీ వచ్చింది, మళ్లీ తిరిగింది. ఇద్దర్ని పొట్టన పెట్టుకున్న ఆ పోకిరి మీద నాకు జాలేసింది, ఏం చెయ్యను. అదే మొహంతో మా వదిన వాడి గదిలో తిరగడం నేను చూశాను.

వదినకి పేర్చడం రాదు. సర్దడమే వచ్చు. ఉన్నదున్నట్టు పెట్టమంటే కళ్లు మూసుకుని పెడుతుంది, కొత్తగా పెట్టమంటే చెయ్యి ఆడలేదు. చివరికి ఇద్దరం కలిసి ఏదో కుప్ప పోసినట్టు పేర్చాం. బాగాలేదు. అయినా షాపాయన చెప్పినట్టే అయింది. దాదా ఒక మూలకి పోయి బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. కాసేపటికి నాన్న గొట్టం వెనక నుంచి బయటికొచ్చింది. వదిన మేత వేస్తే తిన్నది. చిరిగిన రెక్కతోనే తొట్టంతా ఒకసారి చుట్టివచ్చింది.

అన్నయ్య పని నుంచి వచ్చాడు. చెప్పులు విప్పుతూ తొట్టివైపు చూసి, ఒక చెప్పు కాలికి ఉండగానే ఆగిపోయాడు. నేను షాపాయన చెప్పిందంతా చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. దగ్గరికి వచ్చి, వంగి, నాన్నని చూశాడు.

"వేరేగా కూడా పేర్చేవాడా? ఎలా ఉండేవే అవి?" అని అడిగాడు.

వదిన తడి చేతులు చీరకి తుడుచుకుంటూ ఆలోచించింది. ఒకసారి వంతెనలా ఏదో పెట్టినట్టున్నాడు అంది. తర్వాత, కాదేమో, అది షాపులో చూశానేమో అంది. అన్నయ్య నన్ను అడిగాడు. ఎన్నిసార్లు ఆ హాల్లో కూర్చుని వాణ్ణి దెప్పాను, తొట్టి నా ఎదురుగానే ఉండేది. ముగ్గురం దాని ముందు నిలబడి ఎంత ఆలోచించినా, వాడు పేర్చినవాటిలో ఒక్కటి కూడా మాకు గుర్తురాలేదు.