అమ్మ పళ్ళు, ఊరి ప్రభ

డబ్బు పొదుపు చెయ్యడం గురించి నా అంత తెలిసినవాడు మా ఊళ్ళో ఇంకొకడు లేడని ఒక ఏడాది పాటు గట్టిగా నమ్మాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. నరసరావుపేటలో ఒక పురుగుమందుల కొట్లో లెక్కలు రాసేవాణ్ణి. జీతం పద్నాలుగు వేలు. చిలకలూరిపేట రోడ్డులో ఉన్న మా ఊరి నుంచి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. నాన్న పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఇంట్లో అమ్మా నేనూ.

బస్సులో కూర్చుని ఫోన్లో వీడియోలు చూసేవాణ్ణి. వాటిలో ఒకాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెనకాల మనీప్లాంటు పెట్టుకుని, జీతాన్ని మూడు ముక్కలు చెయ్యమనేవాడు: అవసరాలు, కోరికలు, పొదుపు. జీతమంతా అవసరాలకే చాలనివాడు ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. కొట్లో యజమాని లేనప్పుడు కంప్యూటర్లో ఒక ఎక్సెల్ షీటు తయారుచేసుకుని, ఆయన చెప్పినట్టే మూడు గళ్ళు గీసుకున్నాను.

మధ్యాహ్నం టీ కోరికల గడిలో పడింది, కొట్టేశాను. అంటే టీ తాగడం మానేశానని కాదు. పక్క కొట్టు గుమాస్తా తాగే వేళకు అటుగా వెళ్ళి నిలబడేవాణ్ణి. క్షవరం రెండు నెలలకోసారి. అమ్మ ఆకూ వక్కా కూడా కోరికల్లోకే వెళ్ళాయి.

అమ్మకు పళ్ళు లేవు. షుగరు వచ్చాక ఒక్కొక్కటే కదిలి, యాభై నిండేసరికి అన్నీ పోయాయి. అందుకని ఆకూ వక్కా చిన్న రోట్లో మెత్తగా దంచుకుని నోట్లో వేసుకునేది. ఆమెకున్న సరదా అదొక్కటే.

"నెలకు మూడొందలే గదరా" అంది.

"మూడొందలు పన్నెండు నెలలకు ఎంతవుద్దో తెలుసా నీకు?" అన్నాను.

అమ్మ రోలు తీసి అటక మీద పెట్టేసింది. ఆ నెల షీట్లో మూడొందలు మిగిలాయి. సిగ్గులేకుండా మురిసిపోయాను.

ఇంతకీ ఈ పొదుపంతా అమ్మ పళ్ళ కోసమే. పేటలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళితే పైనా కిందా కలిపి సెట్టు ఇరవై రెండు వేలన్నాడు. "ముందు పైవి మాత్రం కట్టించుకుంటే ఎంతండీ?" అని అడిగాను. "పై పళ్ళతో ఏం నములుతుంది, గాలినా?" అన్నాడాయన. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పళ్ళు పోయినప్పటి నుంచీ కొంగు అడ్డం లేకుండా నవ్వింది లేదు. మిరపకోతలకు వెళ్ళినచోట మధ్యాహ్నం అందరూ కూర్చుని తింటుంటే తను మాత్రం అటు తిరిగి, పప్పు పోసి పిసికిన అన్నం మింగేదట. ఆ మాట పక్కింటి పెద్దమ్మ చెప్పింది గానీ అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

కోతల డబ్బులు అమ్మ కందిపప్పు డబ్బాలో దాచుకునేది. నేను ఆ డబ్బా ముందు నిలబడి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. డబ్బు డబ్బాలో ఉంటే కరిగిపోతుందని, బ్యాంకులో ఉంటే పెరుగుతుందని, చదువురాని వాళ్ళకు ఇదంతా తెలియదని. అమ్మ విని, అందులో ఉన్న పదిహేను వేలూ నా చేతిలో పెట్టింది. "నీకు తెలుసు గదా, నువ్వే చూడు" అంది. నా ఏడు వేలు కలిపితే ఇరవై రెండు వేలయింది. షీట్లో 'అమ్మ పళ్ళు' అని రాసుకున్న గడి ఆకుపచ్చగా మారింది. దాని కింద 'అత్యవసర నిధి' అని మరో మూడు వేల నాలుగొందలు. శివరాత్రి దాటాక వచ్చే సోమవారం కొలతలకు రమ్మన్నాడు డాక్టరు.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళంటే మా వైపు ఊళ్ళన్నీ ప్రభలు కట్టుకుని వెళతాయి. వెదుళ్ళతో తాటిచెట్టును మించిన ఎత్తున కట్టి, రంగురంగుల బల్బులు అల్లి, జనరేటరు పెట్టి కొండ కిందికి తీసుకెళతారు. దేవుడి మీద భక్తి ఉంది, కాదనను. కానీ పక్క ఊరి ప్రభ కన్నా మన ప్రభ ఒక్క అడుగైనా పొడవుండాలన్న పంతం భక్తి కన్నా నాలుగడుగులు పొడవు. ఆ పంతానికి చందాలు కావాలి. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంటుంది మా వ్యవహారం.

చందాలు ఇంటింటికీ వచ్చి అడిగితే ఎవడైనా వంద ఇచ్చి తలుపేసుకుంటాడు. అందుకే మా ఊళ్ళో రామాలయం ముందు మైకు పెట్టి, అందరినీ పిలిచి, ఎవరెంత ఇచ్చారో పైకి చదువుతారు. ఆ సాయంత్రం మైకు నాకు వరసకు బాబాయి అయ్యే ఆయన చేతిలో ఉంది. అమ్మ, పక్కింటి పెద్దమ్మ, ఇంకా ఆడవాళ్ళంతా మెట్ల మీద కూర్చున్నారు.

నేను షీటు చూసుకునే వెళ్ళాను. అయిదొందల పదహారు, పైసా ఎక్కువ కాదు. బాబాయి దాన్ని చదివిన తీరు: "పేటలో ఏసీ కింద కూర్చుని ఉద్యోగం చేసే మన కుర్రాడు... అయిదొందల... పదహారు." మా కొట్లో ఉన్నది ఒక్క ఫ్యాను. అదీ పురుగుమందు వాసనను నా వైపే తోస్తుంది.

నాతో పదో తరగతి చదివినవాడొకడు అక్కడే ఉన్నాడు. హైదరాబాదులో ఇళ్ళ స్థలాలు అమ్ముతాడు. మెడలో గొలుసు, బయట కారు. "రాస్కో బాబాయ్, పదివేల నూట పదహార్లు" అని, నా వైపు తిరిగి నవ్వాడు. "ఏందిరా, పేటలో జీతాలు అంతేనా?"

"పదిహేను వేల నూట పదహార్లు" అన్నాను. అన్నది నేనేనని నా గొంతు మైకులో వినిపించాక తెలిసింది.

"ఇరవై" అన్నాడు వాడు.

"పాతికవేల నూట పదహార్లు!"

ఈలలు మోగాయి. ఎవడో డప్పు కొట్టాడు. వాడు రెండు చేతులూ ఎత్తి, "చానా గొప్పోడివిరా" అన్నాడు. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే, అబద్ధం చెప్పను. ఒళ్ళంతా పొంగిపోయింది. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే ఇదే. కాకపోతే నాది ఇంకో మెట్టు పైన, అమ్మ సొమ్ము కొడుకు దానం.

మాట అన్నాక ఎవడైనా ఇంటికెళ్ళి ఆలోచించుకుంటాడు. నేను వీడియోలు చూసి చెడిపోయినవాణ్ణి. ఇవ్వాల్సినది వాయిదా వేస్తే అప్పు అవుతుందని మనీప్లాంటు ఆయన చెప్పాడు. వెంటనే వెళ్ళి, వెదురుకు అతికించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాను. అక్కడి చిన్న పెట్టె ఆడగొంతుతో, పాతికవేల నూట పదహారు రూపాయలు అందాయని ఊరంతా వినేలా చెప్పింది. అప్పుడు మెట్ల వైపు చూశాను. ఆడవాళ్ళందరూ అమ్మ వైపు తిరిగి ఏదో అంటున్నారు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. నవ్వుతోందో లేదో తెలియలేదు.

ఇంటికొచ్చాక తిడుతుందనుకున్నాను, తిట్టాలని మనసులో దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను. అమ్మ నాకు అన్నం పెట్టి, కంచం తీసి, చెయ్యి తుడుచుకుంటూ అంది: "సోమవారం రావట్లేదని ఆ డాక్టరుకు ఫోన్ చేసి చెప్పు. పాపం, ఎదురుచూస్తాడు." మర్నాడు పొద్దున్నే కోతలకు వెళ్ళిపోయింది.

మా ప్రభ దివ్యంగా వెళ్ళింది. పక్క ఊరిది మాదానికన్నా మూడడుగులు పొడవని కొండ దగ్గర తేలింది. నా స్నేహితుడి ఇరవై వేలు ఇప్పటికీ కమిటీ పుస్తకంలో బాకీ కిందే ఉన్నాయి. అసలు ఆ రోజు పెద్ద పెద్ద అంకెలు చెప్పినవాళ్ళలో సగం మంది అంతేనని, మైకులో చెప్పేది ఒకటి, ఇచ్చేది ఒకటని, అది అందరికీ తెలిసిన విషయమేనని బాబాయే తర్వాత నాతో అన్నాడు. "నువ్వు నిజంగానే ఫోన్లో డబ్బులు కొడతావని మాకేం తెలుసురా" అన్నాడు. ఎక్సెల్ షీటు చెరిపేశాను. అమ్మ కోతల డబ్బులు మళ్ళీ పప్పు డబ్బాలోకే వెళ్ళాయి. ఈసారి నేను ఉపన్యాసం ఇవ్వలేదు, ఆమె నన్ను అడగనూ లేదు.

ఆ వేసవిలో మాచవరం దగ్గర బంధువుల పెళ్ళికి వెళ్ళాం. మర్నాడు మాంసం భోజనాలు. అమ్మా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. ఎదురు బంతిలో కూర్చున్న ఒకావిడ అమ్మను చూసి గట్టిగా అంది: "ఏమే, నీ కొడుకు ప్రభకు పాతికవేలు ఇచ్చాడంట గదా! పెట్టిపుట్టావే."

"అవునక్కా" అంది అమ్మ, కొంగు అడ్డం పెట్టుకుని.

అప్పుడే వడ్డించేవాడు వచ్చి, అమ్మ వద్దనేలోపు ఆమె ఆకులో గరిటెడు ముక్కలు వేసి వెళ్ళిపోయాడు. అమ్మ పులుసు వరకు అన్నంలోకి ఒత్తుకుని, ముక్కలన్నీ ఒక్కొక్కటే ఏరి నా ఆకులో వేసింది.

"నువ్వు తినరా, నీకు పళ్ళున్నయ్ గదా" అంది.

ఎత్తిపొడుపు అయితే బాగుండేది. అమ్మ మామూలుగానే అంది.