బావి ఈత నేర్చిన మేనక

మా మేనకకు ఈత నేర్పింది మా మామ వెంకటరమణ. గుడియాత్తం దగ్గర ఆయన సేద్యపు బావిలో, నడుముకు కొబ్బరి తాడు కట్టి నేర్పాడు. అప్పుడు ఆమెకు తొమ్మిదేళ్ళు, నాకు పన్నెండు. నేను గట్టు మీద కూర్చుని ఆమె పొడి గుడ్డలు కాపలా కాసేవాణ్ణి. నాకు నీళ్ళంటే భయం. ఇప్పటికీ భయమే. మేనత్త కూతురైన ఆమెనే చేసుకున్నాను కాబట్టి ఈ పిరికితనం ఇంటిల్లిపాదికీ తెలుసు, దాచుకునే వీలు కూడా లేదు.

మామ పద్ధతి ఒకటే. ఆయన తాడు పట్టుకుని గట్టు చుట్టూ నడుస్తాడు. పిల్ల గోడ వెంబడే, ఎడమ చెయ్యి గోడవైపు ఉంచుకుని, నీళ్ళలో చుట్లు తిరుగుతుంది. మునిగితే పైకి లాగుతాడు. పదకొండో రోజు ఆమె రెండో చుట్టులో ఉండగా మామ తాడు కొసను నీళ్ళలోకి జారవిడిచి, నా వైపు చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను. మేనక ఇంకో మూడు చుట్లు తిరిగి మెట్ల దగ్గరికొచ్చి, వెనక తేలుతున్న తాడు చూసుకుని ఏడుపు ఎత్తుకుంది.

"ముందే చెప్పింటే మునిగిపోయుందువు గదమ్మా," అని మామ నవ్వాడు. ఆమె తల తుడుస్తూ, "నీకు ఈత నేను నేర్పినా. రేపు నేను పొయ్యేటప్పుడు నా నోట్లో ఆఖరి పాలు నువ్వే పొయ్యాల. సరేనా?" అన్నాడు. పోయే ప్రాణానికి బిడ్డలు చెంచాతో పాలు పోయడం మావైపు ఆనవాయితీ. తొమ్మిదేళ్ళ పిల్లకు ఏం తెలుసు, సరేనంది. ఆ మాటను మాత్రం ముప్పై ఏళ్ళైనా మరిచిపోలేదు.

పెళ్ళయ్యాక వేలూరులో కాపురం. నాది సైకిల్ షాపు. మేనక ఒక ఆసుపత్రిలో, పక్షవాతం వచ్చినవాళ్ళకు కాళ్ళూ చేతులూ ఆడించే విభాగంలో ఆయా. ఎవరెవరి నాయనలనో చంకల కింద చేతులేసి లేపి నడిపించింది. ఇంట్లో ఆమె మాట్లాడింది తక్కువ, నా మాట విన్నది ఇంకా తక్కువ.

పోయిన నవంబరులో మామకే పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. మేనక ప్రతి ఆదివారం గుడియాత్తం పోయి ఆయన చేతులు ఆడించేది. ఊళ్ళోవాళ్ళందర్నీ లేపి నిలబెట్టిన మనిషి సొంత నాయన వేలు ఒక్కటి కదిలించలేకపోయింది. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చేది. నేను చూడనట్టు ఉండేవాణ్ణి.

ఆ రోజుల్లోనే, వాళ్ళ విభాగంలో పనిచేసే నివేదిత అనే చిన్న డాక్టరమ్మ ఆమెను ఈ పోటీలోకి లాగింది. కనియంబాడి దగ్గర చెరువులో ఏడువందల యాభై మీటర్లు ఈదాలి, తడిబట్టలతోనే సైకిలెక్కి ఇరవై కిలోమీటర్లు తొక్కాలి, దిగి ఐదు కిలోమీటర్లు పరిగెత్తాలి. దీన్ని ట్రయాథ్లాన్ అంటారట, ఇది చిన్నదట. పెద్దది ఎట్లా ఉంటుందో నేను అడగలేదు. "నలభయ్యో యేట నీకిదేం పోయేకాలమే?" అన్నాను. మేనక కూడా మొదట వద్దనే అంది. కానీ ఆ ఆదివారం మామ పక్కన కూర్చుని, ఊరికే మాటవరసకు, "నాయనా, నన్ను చెరువులో ఈదమంటా ఉండారు," అని చెప్పింది. మామ ఎడమ చెయ్యి మంచం మీది నుంచి లేచింది. గాలిలో మెల్లగా ఒక చుట్టు తిరిగింది, బావి గట్టు మీద తాడు పట్టుకుని తిరిగినట్టు. జబ్బు చేశాక, బాగున్న ఆ చెయ్యి కూడా ఆయన ఎత్తడం అదే మొదలు. ఆ సాయంత్రమే మేనక పేరు ఇచ్చేసింది.

ఇంక చూడాలి మా ఇల్లు. తెల్లారకముందే లేవడం, ఆసుపత్రి మైదానంలో చుడీదారుతోనే పరుగు. ఎవరో మూల పడేసిన గేర్ల సైకిలు తెచ్చి, విప్పి, ప్రతి బేరింగూ కడిగి నేనే బిగించాను. వద్దని అరిచేది నేను, సైకిలు బిగించేదీ నేనే. ఈత మాటే చిత్రం. బావిలో నేర్చుకున్నవాళ్ళకు తిన్నగా పోవడం రాదు. చెరువులో దింపితే పది బారలు వేసి, లేని గోడను వెతుక్కుంటూ ఎడమకు తిరిగిపోయేది. నివేదితమ్మ గట్టు మీద పొట్ట పట్టుకుని నవ్వేది. మేనకా నవ్వేది. ఇంట్లో నవ్వు మొహం చూసి అప్పటికి చాన్నాళ్ళైంది.

పోటీ ఫిబ్రవరిలో ఒక ఆదివారం. ముందురోజు మేనక తన తమ్ముడు కాశికి ఫోన్ చేసింది. "నాయన బాగుండాడక్కా, రెండిడ్లీలు తిన్నాడు, నువ్వు ధైర్యంగా పో," అన్నాడు కాశి. పొద్దున్న చెరువు దగ్గర ఆమె చేతి మీద, పిక్క మీద నల్ల ఇంకుతో 217 అని రాశారు. ఆమె ఫోను నా జేబులో పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"బావా, గుడియాత్తం నుంచి ఫోనొస్తే నేను యాడుండినా నిలబెట్టి చెప్పు. నీళ్ళల్లో ఉండినా సరే."

"చెప్తాలే, పో," అన్నాను.

ఆరున్నరకు అందరూ నీళ్ళలో దిగారు. నూరు గజాలు పోయాక టోపీలన్నీ ఒక దిక్కు, మా ఆవిడ టోపీ ఇంకో దిక్కు. పడవలోని మనిషి, "అక్కా, అంగ ఇల్లే, నేరా వాంగ!" అని, అటు కాదు తిన్నగా రమ్మని అరవంలో అరుస్తూ వెంటపడి దారిలో పెట్టాడు. మళ్ళీ తిరిగిపోయింది. మళ్ళీ పెట్టాడు. అందరూ సైకిళ్ళెక్కి వెళ్ళిపోయాక, చివరి నుంచి రెండో మనిషిగా ఒడ్డెక్కింది. సైకిలు అందిస్తే, "గోడ లేదు బావా, చానా కష్టం," అని నవ్వి ఎక్కి పోయింది.

సైకిలు రెండు చుట్లు. మొదటి చుట్టు ముగించి నా ముందునుంచే రెండో చుట్టుకు పోవాలి. ఆమె కోసం రోడ్డు వైపు చూస్తుండగా, ఏడూ నలభైకి ఫోను మోగింది. కాశి.

"బావా, నాయనకి ఊపిరి మారింది. అమ్మ పాలు కాచి పెట్టుకోని ఉండాది. అక్కని పిల్చుకోని బిన్నా రా."

ఫోను చెవి దగ్గర ఉండగానే మలుపులో మేనక కనబడింది. జుట్టు తడి, మొహమంతా ఎండ. నన్ను చూసి ఒక చెయ్యి వదిలి ఊపింది. నేనూ చెయ్యెత్తాను, ఆపడానికే ఎత్తాను. నా నోట్లో నుంచి మాత్రం, "పో పో, బాగా పోతా ఉండావు!" అనే వచ్చింది. ఆమె పోయింది.

ఎందుకు ఆపలేదని నన్ను నేను వెయ్యిసార్లు అడుక్కున్నాను. అంతకు ముందు రెండుసార్లు కాశి ఇలాగే కంగారు పెడితే పరిగెత్తుకు పోయాం, మామ గంజి తాగుతూ కనబడ్డాడు. ఇదీ అలాంటిదేలే అనుకున్నాను. ఆ నవ్వు చెరపడానికి చేతులు రాలేదు, అదీ నిజమే. ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. నేను బిగించిన సైకిలు ఇరవై కిలోమీటర్లూ పోవాలని నాకు ఆశగా ఉండింది. నలుగురిలో చెప్పుకోవాలని ఉండింది. థూ, నా బతుకు.

రెండో చుట్టు అయింది. పరుగు మొదలైంది. కాశి మళ్ళీ రెండుసార్లు చేశాడు, "బయల్దేరినాం," అని అబద్ధం చెప్పాను. తొమ్మిది దాటాక, వెనక ఇద్దరే మిగిలి ఉండగా, కుంటుతూ, నవ్వుతూ గీత దాటింది. నివేదితమ్మ కౌగిలించుకుంది. ఎవరో మెడలో పతకం వేశారు. అదింకా సర్దుకోకముందే, "ఫోనొచ్చిందా బావా?" అంది.

"ఇప్పుడే. పోదాం పద," అన్నాను.

ఉన్నపళంగా మోటారుసైకిలెక్కాం. నా భుజం పట్టుకుని కూర్చుంది. వేలూరు దాటాక కాశితో మాట్లాడతానని ఫోను తీసుకుంది. అందులో ఎన్ని గంటలకు ఏ ఫోను వచ్చిందో అంతా ఉంటుంది కదా. చూసినట్టుంది. నా భుజం మీది చెయ్యి తీసేసి వెనక కమ్మీ పట్టుకుంది. అక్కడి నుంచి గుడియాత్తం దాకా ఆ చెయ్యి మళ్ళీ నా మీద పడలేదు.

మేము పోయేసరికి పదిన్నర. మామ పోయి అరగంట. మా అత్త కాంతమ్మ చేతిలో స్టీలు గ్లాసు అట్లాగే ఉంది, పాల మీద మీగడ కట్టింది. "నీ పేరు చెప్తే గుటక ఏసినాడు తల్లీ, రెండుసార్లు ఏసినాడు. నీకోసరమని కొంచెం మిగిల్చినా," అంది అత్త. మేనక చెంచా తీసుకుని మూసిన పెదాల మీద పోసింది. పాలు చెంప మీదుగా చెవి దగ్గరికి కారిపోయాయి. 217 రాసిన చేత్తోనే తుడిచింది.

ఏడుపు ఇంట్లో కూడా కొందరు ఆ అంకె చూసి, "అదేం నంబరమ్మా?" అని అడగకపోలేదు. ఆమె చెయ్యి వెనక్కి దాచుకుంది. నేనూ తల వంచుకున్నాను. ఏడువందల యాభై మీటర్లు తిన్నగా ఈది ఉంటే పది నిముషాలు ముందే నన్ను దాటిపోయేది కదా, అప్పటికి ఫోనే వచ్చేది కాదు కదా అని నాలో నేను నెపం ఈత మీదికి తోసుకున్నాను. ఆపి ఉంటే తొమ్మిదికల్లా ఆ మంచం దగ్గర ఉండేది. లెక్క ఎటు వేసినా అంతే.

పొద్దు వాలేముందు పాడె లేచింది. నేను శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసేసరికి, ఆడవాళ్ళు బావి దగ్గర బిందెలతో నీళ్ళు పోసుకుని వెళ్ళిపోయారు. మేనక ఇంకా రాలేదు, పొడి గుడ్డలు తీసుకుపొమ్మంది అత్త. పోయి చూస్తే ఆమె బావిలో ఉంది, కట్టుగుడ్డలతోనే. గోడ వెంబడే, ఎడమ చెయ్యి గోడవైపు ఉంచుకుని, చుట్లు తిరుగుతోంది. వంకర లేదు, తడబాటు లేదు. మూడు చుట్లు చూశాను. ఆ తరువాత చూడలేక, "చాల్లే, ఎక్కి రా," అన్నాను.

మెట్ల దగ్గరికొచ్చి నీళ్ళలోనే నిలబడి, ఆ ఫోను చూసుకున్నాక మొదటిసారి నా మొహం చూసింది.

"నాయన తాడు వదిలిన పొద్దు గూడా నువ్వు చెప్పలేదు బావా," అంది. "ఆ పొద్దు పరవాలేదు. గట్టు మీద నాయన ఉండె."

నేను గట్టు మీదే ఉన్నాను, ఆమె పొడి గుడ్డలు పట్టుకుని.