మాట్లాడని కోటదొరలు

డిగ్రీ పరీక్షలు రాసి మా ఊరు కంబదూరుకు వచ్చి కూర్చున్న ఏడాది నాకు చేతినిండా పని ఉండేది, మనసు మాత్రం ఒకచోట నిలిచేది కాదు. తొంభైలు ముగుస్తున్న రోజులు. విత్తనానికి వేరుశెనక్కాయలు ఒలిచి మూటలు కట్టి పెట్టాం. వాన రాలేదు. ఆషాఢం గాలి మాత్రం పగలంతా తలుపులు కొడుతూ, ఆరేసిన గుడ్డలకు ఎర్రమట్టి పూసి పోయేది. నేను వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి మిద్దెపైకి, ఎందుకో తెలియకుండానే తిరిగేదాన్ని.

ఆ తిరుగుడు చూడలేక మా వదిన నా చేతిలో నవల పెట్టింది. వదిన అంటే మా అన్న భార్య. కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర నవలలు అద్దెకిచ్చే అంగడి ఉండేది. పుట్టింటికి పోయి వచ్చేటప్పుడల్లా వదిన అక్కడ ఆగి, సంచిలో కూరగాయల కింద ఒక పుస్తకం దాచి తెచ్చేది. సాంఘిక నవలలు ఆమెకు పట్టేవి కావు. “ఆ కాపురాలూ కష్టాలూ ఇంట్లో సూస్తాండేవే గదా” అనేది. ఆమెకు కోటలు కావాలి, గుర్రాలు కావాలి, వాటి మధ్య ప్రేమ కావాలి.

ఆ కథల్లో దొర ఇంచుమించు ఒకే మనిషి. నుదుటిమీద కత్తిగాటు. గుండెలో ఎవరికీ చెప్పని పాత దుఃఖం. బురుజు మీద ఒంటరిగా నిలబడతాడు, ఎవరితోనూ మాట్లాడడు. శత్రువు కూతురు బందీగా వస్తే కసురుతాడు. ఆమె వెళ్లిపోయినప్పుడు మాత్రం పొంగే ఏరు దాటుకుని గుర్రం మీద వస్తాడు. అప్పుడు కుండపోత వాన. ఆ పుస్తకాల్లో ఎంత వాన కురిసేదో! పామిడి దగ్గర బస్సులో పెన్న దాటినప్పుడల్లా ఇసుకే చూసిన నాకు, దొరకంటే ముందు ఆ ఏటి మీద ఆశ పుట్టేది.

పుస్తకం ఒకటి, చదివేవాళ్లం ఇద్దరం. ఒకరు ముగించేదాకా ఇంకొకరం ఆగలేకపోయేవాళ్లం. వదిన కుట్టు విప్పి దాన్ని రెండు ముక్కలు చేసేది. ముందు సగం నాకు, వెనక సగం తనకు. తర్వాత మార్చుకునేవాళ్లం. తిరిగిచ్చే ముందు దబ్బనంతో మళ్లీ కుట్టేసేది.

“చివర ముందే తెలిసిపోతే ఏం బాగుంటాది వదినా?” అని ఒకసారి అడిగాను.

పెనం మీద రొట్టె తిప్పుతూ చెప్పింది. “మీయన్నా మాట్లాడడు, ఈ పుస్తకంలో దొరా మాట్లాడడు. ఈయప్ప యాల మాట్లాడడో కడాకు చెప్తాడు. మీయన్న చెప్పడు. అందుకే నేను కడ కాన్నుంచి సదువుతా.”

మా అన్న చెడ్డవాడు కాదు. వేసిన బోర్లు ఎండిపోయాక మాటలు తగ్గిపోయాయి. వచ్చేవాడు, కాళ్లు కడుక్కునేవాడు, తిని పడుకునేవాడు. వదిన ఎదురుగా కూర్చుని ఆ ముఖంలోకి చూస్తూ ఉండేది. అప్పుడు నాకది అర్థం కాలేదు. మాట్లాడని మనిషంటే లోపల పెద్ద నిధి ఉన్నట్టే అనుకునేదాన్ని.

ఆ మరుసటి ఏడాది విడపనకల్లు వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు వచ్చి కిటికీ పక్కన కూర్చున్నాడు. చెంపకు చెయ్యి ఆనించుకుని బయటికి చూస్తున్నాడు. కనుబొమలు ముడిపడి ఉన్నాయి. మా అమ్మ పూర్ణం పెట్టి చేసిన ఓళిగలు ముట్టలేదు. నాయన ఏదో అడిగితే తల ఊపాడు. నావైపు ఒక్కసారే చూశాడు, ఆ చూపులో ఎంతో బాధ కనిపించింది. నాకు ఒళ్లంతా ఝల్లుమంది.

వాళ్లు వెళ్లాక అమ్మ, “ఏమప్పా, అంత మొగం ముడుసుకోనుండాడు! పిల్ల నచ్చలేదేమో” అంది. నేను మాత్రం నాకు ఇష్టమేనని చెప్పేశాను. వదిన నన్ను మిద్దెపైకి పిలిచి, “ఏమ్మే, బాగా ఆలోచన చేసినావా? పుస్తకం మూసి పెట్టొచ్చు, మొగుణ్ని పెట్టలేవు” అంది. నేను వినలేదు.

పెళ్లయిన మర్నాడు అత్తగారింట్లో ఆయన నా పక్కన కూర్చుని మొదలుపెట్టాడు. “ఆ పొద్దు మీ ఇంట్లో పంటినొప్పితో సచ్చిపోయినాననుకో! దవడ కింద లవంగం పెట్టుకోని వచ్చినా. ఓళిగలు సూస్తే నోరూరతాండాది, నమిలేకి కాదు. మరుసటి వారమే ఆ పన్ను పీకించేసినా.” అక్కణ్నుంచి ఆపలేదు. నల్లరేగడి భూముల గురించి, పత్తి పురుగు గురించి, బళ్లారి బస్సులో ఎవరో ఎవరితోనో పెట్టుకున్న తగాదా గురించి. ఆ గొంతు వింటూ నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఏదో జారిపోయినట్టుంది, అదేమిటో ఎవరికి చెప్పను?

అత్తగారి ఊళ్లో గాలి ఇంకా ఎక్కువ. అక్కడ ఎర్రమట్టి బదులు నల్లదుమ్ము. ఉరవకొండలో అద్దె పుస్తకాలు దొరుకుతాయని తెలిశాక కొంచెం ఊపిరాడింది. ఒక మధ్యాహ్నం నేను చదువుతుంటే ఆయన పుస్తకం లాక్కుని తానూ చదివాడు. రెండు రోజులు విడవకుండా చదివాడు. ఆపైన ప్రశ్నలు.

“ఇంత వాన పడుతుంటే ఈయప్ప గోడ మీద నిలబడుకోనుండాడే, సేద్యం ఎవురు సూస్తారు? ఆ పిల్ల మీద ఇష్టముండాదని ఒక్క మాట చెప్పింటే ఈ యుద్ధం ఉండేదే కాదు గదా!”

నాకు ఏడుపొచ్చింది. “మీకేం తెలుసు?” అని లోపలికి పోయాను. రెండు పూటలు ఆయనతో మాట్లాడలేదు. నాలోని ఆ సలపరం ఏమిటో నాకే తెలియక, అడిగిన మనిషికి చెప్పలేక, బియ్యంలో లేని రాళ్లు ఏరుతూ కూర్చున్నాను.

మూడో పూట ఆయన మిద్దెపైకి ఎక్కి, చేతులు కట్టుకుని, గాలికెదురుగా నిలబడ్డాడు. పిలిస్తే పలకలేదు. అత్తమ్మ కాఫీకి పిలిచినా ఊఁ అనలేదు. ఆమె కంగారుపడి, “జొరమొచ్చిందేమో, నోరు తెరిస్తే ఒట్టు!” అంటూ మిరియాల కషాయం కాచింది. ఆయన అది కూడా మాట్లాడకుండానే తాగాడు. ముఖం మాత్రం చేదుకు వంకర్లు పోయింది. సాయంత్రం ఆయన గేదెకు మేత వేస్తున్నప్పుడు కొట్టం వెనక నుంచి విన్నాను. “ఎంత కష్టమే ఇది! కడుపు ఉబ్బిపోతాండాది” అని గేదెతో మొర పెట్టుకుంటున్నాడు.

నేను నవ్వేశాను. ఆయన ఉలిక్కిపడి తిరిగాడు, సిగ్గుపడ్డాడు.

“అంతసేపు మిద్దె మీద నిలబడి ఏం ఆలోచించినారు?”

“ఏం లే. నువ్వు సూస్తాండావా లేదా అని.”

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పుస్తకాల్లో ఎప్పుడూ అమ్మాయే దొర చూపు కోసం కాచుకుని ఉంటుంది. నేనూ అలాగే ఎవరి చూపు కోసమో కాచుకున్నాను. నా చూపు కోసం ఒక మనిషి ఎండలో, గాలిలో నిలబడతాడని ఊహించలేదు. ఫోనులో వదినకు చెబితే మిద్దె సంగతి మళ్లీ ఒకసారి చెప్పించుకుంది. తర్వాత, “మీయన్నను ఒకసారి అడిగి సూస్తా, ఏం ఆలోచిస్తాండాడో” అంది. అడిగిందో లేదో నాకు చెప్పలేదు.

నాలో ఆ తిరుగుడు మాత్రం ఆగిపోలేదు. ఆయన పక్కనే ఉన్నా, ఇంట్లో అన్నీ బాగున్నా, మబ్బులు కర్ణాటక వైపు తేలిపోతుంటే నా కాళ్లు మిద్దెమెట్లు ఎక్కేవి. నవలలూ మానలేదు. దొర ఏరు దాటే చోటు వచ్చేసరికి గుండె ఇంకా వేగంగా కొట్టుకునేది. ఆ వేగం నాకు కావాలి. అది నా సంసారంలో లోటని ఇప్పుడు అనుకోను, నేనే అలాంటి మనిషిని.

ఒక సోమవారం పుస్తకాలు మార్చుకోవడానికి ఉరవకొండ బస్సెక్కాను. ఆయన స్టాపు దాకా వచ్చాడు. బస్సు కదిలాక కూడా కిటికీ పక్కన నడుస్తూ ఏదో చెబుతూనే ఉన్నాడు. గాలికి సగం మాటలు వినబడలేదు. నేను తల బయటపెట్టి, “ఏందీ?” అని అరిచాను.